పెరిగేకొద్దీ రంగు మారే చేప: పెద్ద గౌరామి జాతులను గుర్తించడం ఎలా?



పాఠ్యపుస్తకంలో ఒక జంతువు బొమ్మ వేసేటప్పుడు సాధారణంగా దాని ఎదిగిన రూపాన్నే వేస్తారు. కింద పేరు రాస్తారు. మనం ఆ బొమ్మనూ పేరునూ జతచేసి గుర్తుపెట్టుకుంటాం. కాని చెరువులోనో అడవిలోనో ఆ జంతువు మనకు ఏ వయసులో ఎదురవుతుందో ముందుగా చెప్పలేం. పిల్ల ఒక రంగులో, పెద్దది మరో రంగులో ఉంటే మనం నేర్చుకున్న బొమ్మ ఎంతవరకు పనికొస్తుంది? ఈ రోజు పాఠంలో ఈ ప్రశ్నకే జవాబు వెతుకుదాం.

ఢిల్లీలో ఉన్నవారికి దగ్గరి ఉదాహరణ నీల్‌గాయ్. దీన్ని తెలుగులో మనుబోతు అంటాం. సాకేత్‌కు దక్షిణాన ఉన్న అసోలా భట్టీ అభయారణ్యంలో ఇవి ఉన్నాయి. ఆడ మనుబోతు, పిల్ల మనుబోతు లేత గోధుమరంగులో ఉంటాయి. మగది ఎదిగిన తరువాతే నీలిబూడిద రంగుకు మారుతుంది. పేరులోని ‘నీలం’ ఎదిగిన మగదానికి మాత్రమే చెల్లుతుందన్నమాట. అడవిపంది పిల్లల ఒంటిమీద లేత రంగు చారలు ఉంటాయి. కొన్ని నెలల్లో అవి మాయమవుతాయి. నేలమీద జంతువుల విషయంలో తల్లి పక్కనే పిల్లను చూస్తాం కాబట్టి పొరపాటు తక్కువ. నీళ్లలో ఆ సౌకర్యం లేదు. అందువల్లనే చేపల పేర్ల విషయంలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా చిక్కులు వచ్చాయి.

మన పాఠానికి ముఖ్య ఉదాహరణ జెయింట్ గౌరామి, అంటే పెద్ద గౌరామి.

గౌరామి పరిచయం

గౌరామి అనే మాట జావా ద్వీపవాసుల భాష నుంచి వచ్చింది. ఆగ్నేయాసియాలోని నెమ్మదిగా పారే నదులు, మడుగులు, చిత్తడి నేలలు దీని స్వస్థలం. దాదాపు 70 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఎదిగిన తరువాత ఆకులు, నీటిమొక్కలు ఎక్కువగా తింటుంది. గడ్డి, ఆకుల ముక్కలు పోగుచేసి పక్షిగూడు లాంటి గూడు కట్టి, అందులో గుడ్లు పెడుతుంది.

దీని మరో విశేషం గాలి పీల్చడం. మొప్పల పైన ఉన్న గదిలో ముడతలు ముడతలుగా ఉండే ఒక అవయవం ఉంటుంది. దీన్ని లాబిరింత్ అవయవం అంటారు. చేప నీటి పైకి వచ్చి గాలి మింగితే, ఆ ముడతల్లోని రక్తనాళాలు గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటాయి. అందువల్ల ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీటిలోనూ ఇది బతకగలదు. మన కొర్రమీను కూడా గాలి పీల్చే చేపే. చేపల వర్గీకరణలో ఈ రెండూ దగ్గరి బంధువులు. కొర్రమీను ప్రస్తావన మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

గౌరామిని మన దేశానికి తెచ్చే ప్రయత్నాలు 19వ శతాబ్దిలోనే మొదలయ్యాయి. 1916లో జావా, మారిషస్‌ల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి చెరువుల్లో పెంచారు. అప్పటికి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆనాడు ఆహారం కోసం తెచ్చిన ఈ చేపనే ఈనాడు అలంకారం కోసం గాజుతొట్టెల్లో పెంచుతున్నారు. అలంకార చేపల దుకాణానికి ఇది వేలెడంత పిల్లగా వస్తుంది. గుర్తింపు సమస్య అక్కడే మొదలవుతుంది.

ఒక పేరు వెనుక నాలుగు జాతులు

1801లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపెడ్ ఈ చేపకు ఆస్ఫ్రోనీమస్ గొరామి అని పేరు పెట్టాడు. ఆ తరువాత దాదాపు 190 సంవత్సరాలు ఈ ప్రజాతిలో ఒకే ఒక్క జాతి ఉందని భావించారు. 1992లో టైసన్ రాబర్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు బోర్నియో ద్వీపం నుంచి మరి రెండు జాతులను వర్ణించాడు. 1994లో మెకాంగ్ నది నుంచి ఇంకొకదాన్ని వర్ణించాడు. ఈ విధంగా ఒకటి అనుకున్నది నాలుగయింది.

వాటిని పోల్చే ముందు రెండు మాటలకు అర్థం నిర్ణయించుకుందాం. చేప వీపు నుంచి పొట్టవైపు దిగే గీతను ‘పట్టీ’ అందాం. తల నుంచి తోక వైపు సాగే గీతను ‘చార’ అందాం. ఈ తేడా పాటించకపోతే వర్ణన చదివినవారు వేరే చేపను ఊహించుకుంటారు.

మొదటిది ఆస్ఫ్రోనీమస్ గొరామి. పిల్లగా ఉన్నప్పుడు దీని ఒంటిమీద 8 నుంచి 10 నల్లని పట్టీలు ఉంటాయి. తోక మొదలుకు దగ్గరగా, పాయు వాజం చివరి భాగానికి పైన ఒక గుండ్రని నల్లమచ్చ ఉంటుంది. పెరిగేకొద్దీ పట్టీలు వెలిసిపోతాయి. ఎదిగిన చేప దాదాపు ఒకే బూడిద రంగులోకి వస్తుంది.

రెండవది ఆస్ఫ్రోనీమస్ సెప్టెమ్‌ఫాసియేటస్. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. పేరుకు ఏడు పట్టీలది అని అర్థం. ఇది బోర్నియో చేప.

మూడవది ఆస్ఫ్రోనీమస్ లాటిక్లేవియస్. ఇది కూడా బోర్నియోదే. పిల్లలో 4 లేదా 5 పట్టీలే ఉంటాయి. ఎదిగిన చేప శరీరం నల్లబడి, వాజాల అంచులు ఎర్రగా కనిపిస్తాయి. ప్రాచీన రోమ్‌లో సెనేట్ సభ్యులు ధరించే వస్త్రానికి వెడల్పాటి రంగు పట్టీ ఉండేది. ఆ పట్టీ పేరే ఈ చేపకు పెట్టారు.

నాలుగవది ఆస్ఫ్రోనీమస్ ఎక్సోడాన్. ఎక్సోడాన్ అంటే బయటి పళ్లు కలది. నోరు మూసినా దీని పెదవుల బయట కొన్ని పళ్లు కనిపిస్తాయి. ఇది మెకాంగ్ నది చేప.

ఇప్పుడు ఈ నాలుగు పేర్లను మరొకసారి చూడండి. ఒక పేరు పట్టీల సంఖ్యను చెబుతుంది. ఒకటి రంగు అంచును చెబుతుంది. ఒకటి పళ్లను చెబుతుంది. పట్టీలు లెక్కపెట్టడానికి పిల్ల చేప కావాలి. ఎర్రని అంచు చూడాలంటే చేప ఎదగాలి. కాబట్టి దుకాణంలోని పిల్లను ఎదిగిన చేప బొమ్మతో పోల్చితే ఫలితం రాదు. మీ చేతిలోని చేప ఏ దశలో ఉందో ముందు తేల్చుకుని, ఆ దశకు పనికివచ్చే లక్షణాన్నే వెతకాలి.

రంగుతో పాటు ఆకారం కూడా మారుతుంది. పిల్ల గౌరామి మూతి కోసుగా ఉంటుంది. ఎదిగేసరికి నుదురు ఉబ్బి, పెదవులు దళసరిగా అయి, ముఖం మొద్దుగా తయారవుతుంది. శ్రోణి వాజాల్లోని ఒక కిరణం మాత్రం సన్నని దారంలా పొడవుగా సాగి ఉంటుంది. రంగు ఎలా ఉన్నా ‘ఇది గౌరామి కుటుంబానిది’ అని అనుమానించడానికి ఆ దారం తోడ్పడుతుంది.

రంగు ఎలా మారుతుంది?

చేప చర్మంలో వర్ణకణాలు ఉంటాయి. వీటిని క్రొమాటోఫోర్లు అంటారు. నలుపునిచ్చేవి మెలనోఫోర్లు. పసుపునిచ్చేవి జాంథోఫోర్లు. ఎరుపునిచ్చేవి ఎరిత్రోఫోర్లు. ఇరిడోఫోర్లు అనే మరో రకం కణాల్లో రంగు పదార్థం ఉండదు. వాటిలో గ్వానిన్ అనే పదార్థపు సన్నని పలకలు ఉంటాయి. వాటిమీద పడిన కాంతి వెనుదిరగడం వల్లనే చేప వెండిలా మెరుస్తుంది.

రంగు మార్పు రెండు రకాలు. మొదటిది త్వరగా వచ్చే మార్పు. మెలనోఫోరు కణంలోని నల్లని రేణువులు కణమంతా పరుచుకుంటే చర్మం నల్లగా కనిపిస్తుంది. అవే రేణువులు మధ్యకు చేరితే తెల్లబడుతుంది. కణాల సంఖ్య మారదు. ముగ్గు పిండి దోసిట్లో ఉన్నప్పుడు ఆక్రమించే చోటు కొంచెమే. అదే పిండి వాకిట్లో చల్లితే నేలంతా తెల్లబడుతుంది. ఇది కూడా అలాంటిదే. చేప బెదిరినా, చీకటి పడినా, తొట్టె అడుగు రంగు మారినా ఈ రకం మార్పు నిమిషాల్లో రావచ్చు.

రెండవది నెమ్మదిగా వచ్చే మార్పు. ఇందులో కణాల సంఖ్య, అవి ఉండే చోటు మారుతాయి. కొన్ని కణాలు నశిస్తాయి, కొత్తవి పుడతాయి, కొన్ని జరుగుతాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా పరిశీలించే జీబ్రా చేపలో ఈ పని చక్కగా తెలిసింది. దాని పిల్ల దశ చారలు వేరు, ఎదిగిన దశ చారలు వేరు. ఆ మార్పులో థైరాయిడ్ హార్మోన్‌కు పాత్ర ఉందని కూడా పరిశోధకులు చూపారు. తోకకప్ప కప్పగా మారడంలో పనిచేసే హార్మోనే చేప రంగుల్లోనూ పాలుపంచుకోవడం గమనించదగ్గ సంగతి.

వయసుతో వచ్చే మార్పు రెండవ రకానికి చెందుతుంది. గుర్తింపుకు పనికివచ్చేది అదే. మొదటి రకం మార్పు దానిమీద తెరలా పడుతుంది. ఆ తెరను తొలగించడానికి ఒకే వెలుతురులో, ఒకే సమయంలో, చేప ప్రశాంతంగా ఉన్నప్పుడు చూడాలి. దుకాణం నుంచి సంచిలో తెచ్చిన రోజు తీసిన ఫొటో ఆధారంగా నిర్ణయం చేయకూడదు.

పిల్లకు పట్టీలు ఎందుకు అని మీరడగవచ్చు. నీటిమొక్కల కాడల మధ్య ఉండే చిన్న చేపకు నిలువునా దిగిన నల్లని పట్టీలు ఒంటి ఆకారాన్ని ముక్కలు చేసి చూపిస్తాయి. వేటాడే చేప కంటికి అది చేపలా కాక ఆకుల నీడలా కనిపిస్తుంది. మూరెడు చేపను మింగగలిగే శత్రువులు తక్కువ; అప్పుడు పట్టీల అవసరం కూడా తగ్గుతుంది.

రంగు ఎక్కడ మోసం చేస్తుంది?

మూడు సందర్భాల్లో జాగ్రత్త పడాలి.

మొదటిది, పోలిక. చాక్లెట్ గౌరామి అనే చిన్న చేప ఉంది. ఎంత పెరిగినా 5, 6 సెంటీమీటర్లకు మించదు. దాని శాస్త్రీయ నామం స్ఫేరిక్తిస్ ఆస్ఫ్రోమెనాయిడిస్. రెండవ మాటకు గౌరామిని పోలినది అని అర్థం. పెద్ద గౌరామి పిల్ల కూడా గోధుమరంగు ఒంటిమీద పట్టీలతో దాదాపు అలాగే ఉంటుంది. చాక్లెట్ గౌరామి అనుకుని చిన్న తొట్టెలో వేసిన చేప కొన్నేళ్లలో ఆ తొట్టె పొడవును మించిపోతే, పేరు తప్పినందుకు శిక్ష పడేది ఆ చేపకే.

రెండవది, మనిషి చేసిన రంగులు. పెంపకందారులు పెద్ద గౌరామిలో తెల్లని, బంగారు రంగు రకాలను ఎన్నిక చేసి పెంచారు. వాటిలో నలుపు వర్ణకం తగ్గిపోతుంది కాబట్టి పట్టీలు సరిగా కనిపించవు. పట్టీలు లేవు కనుక ఇది వేరే జాతి అనడం తప్పు.

మూడవది, లింగభేదం. మన గంగా యమునా మైదానపు చిన్న గౌరామి జాతుల్లో మగచేప ఎరుపు, నీలం రంగులతో మెరుస్తుంది. ఆడచేప వెలిసినట్టు ఉంటుంది. అక్కడ రంగు తేడాకు కారణం వయసు ఒక్కటే కాదు.

కొర్రమీను బంధువు చెప్పే పాఠం

గౌరామి విదేశీ చేప గదా, మనకెందుకు అనుకునేవారి కోసం మన నీళ్ల ఉదాహరణ చెబుతాను. కొర్రమీను 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. దీని పసిపిల్లలు నారింజ ఎరుపు రంగులో ఉండి, గుంపుగా నీటి పైపొరలో తిరుగుతాయి. కింద పెద్ద చేపలు కాపలా కాస్తాయి. కొంత పెరిగాక ఆ ఎరుపు పోయి, బురద రంగు ఒళ్లు, పక్కల నల్లని గీతలు వస్తాయి. చెరువులో వల వేసేవారికి ఈ సంగతి తెలుసు. ఎర్రని పిల్లల గుంపు కనిపిస్తే అడుగున పెద్ద కొర్రమీను ఉందని వారు గ్రహిస్తారు.

ఈ చన్నా ప్రజాతిలోనే ఒక వింత కథ జరిగింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, భారతదేశపు చేపలమీద గొప్ప గ్రంథం రాసినవాడు. ఆయన 1865లో కొచ్చి దగ్గర దొరికిన ఒక పిల్ల చేపను వర్ణించి డిప్లోగ్రామా అని పేరు పెట్టాడు. రెండు గీతలది అని అర్థం. ఆ పిల్ల ఒంటిమీద రెండు నల్లని చారలు ఉన్నాయి. ఆగ్నేయాసియాలో చన్నా మైక్రోపెల్టిస్ అనే పెద్ద చేప ఉంది. దాని పిల్లకు కూడా రెండు నల్లని చారలే. అందువల్ల తరువాత డే స్వయంగా ఈ రెండూ ఒకటేనని తీర్మానించాడు. ఆ పేరు పుస్తకాల్లో మరుగున పడింది.

2011లో పరిశోధకులు కేరళ చేపను మళ్లీ పరిశీలించారు. పొలుసులు లెక్కపెట్టారు, వెన్నుపూసలు లెక్కపెట్టారు, డిఎన్ఎను పోల్చారు. రెండూ స్పష్టంగా వేరు జాతులని తేలింది. 146 సంవత్సరాల తరువాత చన్నా డిప్లోగ్రామా మళ్లీ తన పేరు తాను తెచ్చుకుంది. ఇప్పుడు దాన్ని మలబారు ప్రాంతపు జాతిగా గుర్తిస్తున్నారు.

పేరు మారితే చేపకు ఒరిగేదేమిటి? చాలా ఉంది. ఆగ్నేయాసియా అంతటా ఉన్న చేప అనుకున్నంత కాలం, కేరళ నదుల్లో అది తగ్గిపోయినా ఎవరికీ దిగులు ఉండదు. ‘వేరే చోట ఉంది కదా’ అంటారు. పశ్చిమ కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదని తెలిసిన మరుక్షణం లెక్క మారిపోతుంది. అక్కడ పోతే పూర్తిగా పోయినట్టే. ఒక జాతిని కాపాడాలంటే ముందు అది ఉందని తెలియాలి. అందుకే చారలు లెక్కపెట్టడం చిన్న పని అనుకోవద్దు.

మీరు చేయదగిన పని

ఈ పాఠాన్ని మీరు స్వయంగా పరీక్షించవచ్చు. మీ ఇంట్లోనో, కళాశాల ప్రయోగశాలలోనో, తెలిసినవారి దగ్గరో తొట్టెలో పెరిగే చేప ఉంటే చాలు. కొత్తగా కొననక్కరలేదు.

రెండు వారాలకొకసారి, అదే గంటలో, అదే దీపం కింద చేప పక్కభాగాన్ని ఫొటో తీయండి. తొట్టె గాజుకు బయట స్కేలు అతికించి ఉంచండి. చేప గాజుకు ఆనుకున్నట్టు వచ్చినప్పుడు తీస్తే పొడవు సుమారుగా తెలుస్తుంది. చేపను నీటి బయటికి తీయవద్దు. నోటుపుస్తకంలో తేదీ, పొడవు, పట్టీల సంఖ్య, మచ్చ ఉందా లేదా, వాజాల అంచు రంగు, మూతి ఆకారం రాయండి.

వరసలను పేర్చేటప్పుడు వయసు ప్రకారం కాకుండా పొడవు ప్రకారం పేర్చండి. ఒకే రోజు పుట్టిన రెండు చేపల్లో తిండి, వేడి, చోటు బాగా దొరికినది త్వరగా పెరుగుతుంది. మార్పులు చాలావరకు పెరుగుదలను అనుసరించి వస్తాయి గనుక ఆరు నెలల చేప అనడం కంటే పన్నెండు సెంటీమీటర్ల చేప అనడం ఎక్కువ సమాచారం ఇస్తుంది.

చివరగా మీ నిర్ణయాన్ని రాయండి. దానితో పాటు ఏ లక్షణం ఆధారంగా నిర్ణయించారో కూడా రాయండి. ‘8 సెంటీమీటర్ల వద్ద 9 పట్టీలు, పాయు వాజం పైన నల్లమచ్చ, కనుక గొరామి’ అని రాస్తే మరొకరు దాన్ని సరిచూడగలరు. ‘చూడగానే తెలిసింది’ అని రాస్తే ఎవరూ సరిచూడలేరు. విజ్ఞానశాస్త్రంలో మొదటి వాక్యానికే విలువ.

పెరిగిన చేపను ఏం చేయాలి?

తొట్టెకు మించి పెరిగిన చేపను కొందరు జాలిపడి దగ్గరలోని నీటిలో వదిలేస్తారు. సాకేత్ ఎదురుగా ఖిర్కీ గ్రామం పక్కన మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో కట్టిన సాత్‌పులా ఆనకట్ట ఉంది. అలాంటి పాత నీటివనరులు, పార్కుల్లోని కొలనులు, చివరికి యమున కూడా ఈ రకం జాలికి గురవుతున్నాయి. ఆ పని చేయవద్దు. గాలి పీల్చి బతకగల చేప, ఆక్సిజన్ తగ్గిన మురికినీటిలో ఇతర చేపలు చచ్చిపోయినా నిలబడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీని ఫలితం ఇప్పటికే చూస్తున్నాం. తొట్టె గాజుమీది పాచి తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఒకటి చెరువుల్లోకి చేరింది. దాన్ని జనం దెయ్యం చేప అంటున్నారు. ముళ్ల కవచంతో వలలు చింపి చేపల రైతులకు నష్టం కలిగిస్తోంది. తూర్పు కనుమల నీటివనరుల్లో అది ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని సిసిఎంబి శాస్త్రజ్ఞులు, చేపను పట్టకుండా నీటిలో అది వదిలిన డిఎన్ఎను వెతికే పద్ధతిని ఉపయోగించారు. పెద్ద గౌరామి వల్ల అంత కీడు జరుగుతుందని నేను అనడం లేదు. ఏ చేప ఏం చేస్తుందో వదిలిన తరువాత తెలుసుకుంటే, వెనక్కి తీసుకునే వీలుండదని మాత్రం చెబుతున్నాను. పెంచలేని చేపను అమ్మినవారికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించండి.

ఈ పాఠం మీద కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. వీటికి మీ తరగతిలో చర్చించి జవాబులు రాయండి.

1. బంగారు రంగు గౌరామి పిల్ల మీ దగ్గర ఉంది. పట్టీలు కనిపించడం లేదు. దాని జాతిని నిర్ణయించడానికి రంగుతో సంబంధం లేని ఏ లక్షణాలు చూస్తారు?

2. సంచి నుంచి తొట్టెలో వేసిన చేప గంటలోపల నల్లబడింది. ఇది ఏ రకం రంగు మార్పు? ఎలా చెప్పగలరు?

3. డే దగ్గర పిల్ల చేపతో పాటు అదే నదిలో దొరికిన అన్ని పరిమాణాల చేపలూ ఉండి ఉంటే ఆయన నిర్ణయం ఎలా ఉండేది?

మూడవ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కారణాలతో రాసిన ఏ జవాబైనా చదవదగ్గదే. సెలవు.